ఎర్ర దీపం కనిపిస్తే ఎవరు తప్పుకోవాలి?

అనంతపురంలో పైలట్ పరీక్షలకు చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: "ఎయిర్ రెగ్యులేషన్స్ అనే విమాన నియమాల పేపర్లో ప్రతి నియమానికీ ఒక ఇంగ్లీషు పొట్టిమాట ఉంది. ఆ పొట్టిమాటలే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. వాటిని గుర్తుపెట్టుకోడానికి మళ్లీ ఇంకేం గుర్తుపెట్టుకోవాలి?"

పాసుకు 70 శాతం రావాలి, కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి అనే వివరాలు ఏ కోచింగ్ సెంటర్ బోర్డు మీదైనా ఉంటాయి, వాటిని వదిలేద్దాం. ఆమె అడిగింది అంతకంటే లోతైన సంగతి.

మరిచిపోతామనుకుంటే మన ఇళ్లల్లో ఆడవాళ్లు కొంగుకు ముడి వేసుకుంటారు. ముడి చూడగానే ఏదో పని ఉందని తెలుస్తుంది. ఆ పనేదో గుర్తురాకపోతే మాత్రం ముడి ఏమీ చెప్పదు. మొదటి అక్షరాలు ఏరి కూర్చిన పొట్టిమాటలన్నీ కొంగుముడులే. కొన్నిచోట్ల కొంగుముడి సరిపోతుంది. విమానం ఎక్కే ముందు పైలట్ తనను తాను ప్రశ్నించుకునే ‘ఐయామ్ సేఫ్’ (IMSAFE) అలాంటిది. ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఒక్కో ప్రశ్న. జబ్బు, మందులు, ఒత్తిడి, మద్యం, అలసట, తిండి: వరుస తప్పినా నష్టం లేదు, ఒక్కటీ జారిపోకపోతే చాలు. మద్యం తాగితే మన దేశంలో 12 గంటలు దాటేదాకా ఎగరకూడదు. చిక్కంతా కుడి ఎడమలు, ఎక్కువ తక్కువలు తారుమారయ్యే నియమాల దగ్గర వస్తుంది. అక్కడ పొట్టిమాట గుర్తున్నా అర్థం తలకిందులు కావచ్చు.

ఇంకో రకం గుర్తు మన తెలుగు క్లాసులోనే ఉంది: యమాతారాజభానసలగం. ఛందస్సు చెప్పిన ప్రతి మాస్టారూ దీన్ని వల్లె వేయించి ఉంటారు, కానీ ఇది ఎంత గొప్ప యంత్రమో ఆగి చూపించినవాళ్లు తక్కువ. యగణం కావాలా? ‘య’ దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీయండి: య, మా, తా. లఘువు, గురువు, గురువు. అదే యగణం. ‘జ’ నుంచి తీస్తే జ, భా, న: లఘువు, గురువు, లఘువు. జగణం వచ్చేసింది. పది అక్షరాల్లో ఎనిమిది గణాలూ ఇమిడిపోయాయి. ఇక్కడ గుర్తు వేరు, విషయం వేరు కాదు. తప్పు పలికితే ఆ తప్పు వెంటనే చెవికి తెలుస్తుంది. పైలట్ విద్యార్థి వెతుక్కోవలసినవి ఇలాంటి గుర్తులే.

ఆకాశంలో ఇలాంటి గుర్తు ఒకటి విమానం రెక్కలకే తగిలించి ఉంది. ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం, తోక దగ్గర తెల్ల దీపం. ఎర్రదీ పచ్చదీ చెరొక 110 డిగ్రీల మేర, ముక్కుకు సూటిగా ముందు నుంచి పక్క దాటి కొంచెం వెనక దాకా కనిపిస్తాయి. మిగిలిన 140 డిగ్రీలు తెల్లదానివి. మొత్తం 360, ఎక్కడా ఖాళీ లేదు.

ఇప్పుడు నియమం చూడండి. ఇంచుమించు ఒకే ఎత్తులో రెండు విమానాల దారులు ఒకచోట కలుస్తుంటే, అవతలి విమానం ఎవరికి కుడివైపున ఉందో వాళ్లే దారి ఇవ్వాలి. మన కుడి నుంచి ఎడమకు అడ్డంగా వచ్చే విమానం మనకు ఏ పక్క చూపిస్తుంది? దాని ఎడమ పక్క. అంటే ఎర్ర దీపం. ఎర్రదంటే ఆగు, దారి ఇవ్వు. ఎడమ నుంచి కుడికి పోయే విమానం తన కుడి పక్క చూపిస్తుంది, పచ్చ దీపం కనిపిస్తుంది. దారి మనదే, దిక్కూ వేగమూ మార్చకుండా వెళ్లాలి, కళ్లు మాత్రం దాని మీదే ఉంచాలి. కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో సిగ్నల్ దగ్గర ఆగే అలవాటే ఇక్కడా పని చేస్తుంది. కుడి, ఎడమ అని కంఠస్థం చేయాల్సిన పని లేదు.

దీన్ని ఇంకా పిండవచ్చు. ఎర్రది మన కుడి చేతి వైపు, పచ్చది ఎడమ చేతి వైపు రెండూ ఒకేసారి కనిపిస్తే అది ఎదురుగా మన మీదికే వస్తోంది. అప్పుడు ఇద్దరూ కుడికి తిరగాలి. ఇక్కడే మనవాళ్లు జాగ్రత్తపడాలి, ఎందుకంటే అనంతపురం హైవే మీద ఎదురుబండి వస్తే మన చేతులు ఎడమకు పోతాయి. ఆకాశంలో ఎడమకు తిరిగితే, కుడికి తిరిగిన అవతలివాడి దారిలోకే పోతాం. సరిగ్గా తిరిగామో లేదో దీపాలే చెబుతాయి: ఇద్దరూ కుడికి తిరిగితే పచ్చది మాయమై ఇద్దరికీ ఎర్రది ఒక్కటే మిగులుతుంది.

ఒక్క తెల్ల దీపమే కనిపిస్తూ దగ్గరవుతోందంటే మనం దాని వెనకాల ఉన్నాం. వెనక నుంచి 70 డిగ్రీల లోపు కోణంలో సమీపిస్తే దాన్ని ‘ఓవర్‌టేక్’ అంటుంది నియమం, అప్పుడు తప్పుకోవలసింది వెనకున్నవాడే, అదీ కుడి పక్కగా. ఈ 70 ఎక్కడిది? తెల్ల దీపపు 140లో సగం! నియమం రాసినవాళ్లూ దీపం అమర్చినవాళ్లూ ఒకే బొమ్మ గీసుకున్నారు. ఈ సంఖ్యను బట్టీ పట్టేవాళ్లు చాలామంది, దీపంతో కలిపి చూపించే పాఠాలు తక్కువ. అది బాధాకరం.

ఇంట్లోనే పరీక్షించుకోండి. రాత్రి మిద్దె మీద ఇద్దరు నిలబడి, ఎడమ చేతిలో ఎర్ర కాగితం చుట్టిన టార్చి, కుడి చేతిలో పచ్చ కాగితం చుట్టినది పట్టుకుని, చేతులు కొంచెం బయటికి చాచి ఒకరి దారికి ఒకరు అడ్డంగా మెల్లగా నడవండి. పది నిమిషాల్లో నియమం ఒంటికి పడుతుంది. ఇంకొకటీ గమనిస్తారు: గుద్దుకోబోయే మనిషి దీపం మీ చూపులో పక్కకు జరగదు, ఉన్నచోటే ఉండి పెద్దదవుతుంది. విమానంలోనూ అంతే. అద్దం మీద కదలకుండా నిలిచిన దీపమే ప్రమాదం. సెల్ టవర్ల మీద, ఎత్తయిన గాలిమరల మీద వెలిగే ఎర్ర దీపాలను, విమానం మీదే తళుకుమనే ఎర్ర బీకన్‌ను రెక్క దీపమనుకుంటే లెక్క తప్పుతుంది. రెక్క దీపం సాధారణంగా నిలకడగా వెలుగుతుంది.

ఇక కంపాస్. ఇంగ్లీషులో ‘ఆండ్స్’ (ANDS: Accelerate North, Decelerate South) అనే కొంగుముడి ఉంది. తెలుగులో ఇలా అనుకోవచ్చు: ఉరికితే ఉత్తరం, దమ్ము తగ్గితే దక్షిణం. తూర్పుకో పడమరకో పోతూ వేగం పెంచితే, విమానం తిరగకపోయినా, కంపాస్ ఉత్తరానికి తిరుగుతున్నట్టు చూపిస్తుంది. తగ్గిస్తే దక్షిణానికి. ఎందుకు? ఉత్తరార్ధగోళంలో అయస్కాంత బలరేఖలు ఉత్తరం వైపు నేలలోకి వంగుతాయి, సూది ముక్కు కూడా కిందికి వంగాలని చూస్తుంది. దాన్ని సమంగా ఉంచడానికి గరిమనాభిని, అంటే బరువు కేంద్రాన్ని, సూది ఆనుకుని తిరిగే ఆధారబిందువుకు కిందుగా పెడతారు. అప్పుడు సూది కొంచెమే వంగుతుంది, బరువు ఆధారానికి దక్షిణంగా జరుగుతుంది. తూర్పుకు పోతూ వేగం పెంచడానికి థ్రాటిల్ నెట్టగానే, బస్సు కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టు, ఆ బరువు పడమరకు తూలుతుంది. దక్షిణ కొస పడమరకు పోతే ఉత్తర కొస తూర్పుకు, అంటే విమానం ముక్కు వైపుకు వస్తుంది. సూదితో పాటు తిరిగే దిక్కుల అంకెల కార్డు 090 చూపించాల్సింది 080 చూపిస్తుంది. పడమరకు పోయేటప్పుడూ ఇదే తూలుడు, ఇదే ఫలితం. ఉత్తర దక్షిణాలకు పోయేటప్పుడు బరువు సూది గీత మీదే వెనక్కి తూలుతుంది కాబట్టి కార్డు తిరగదు.

ఇది అర్థమైతే గుర్తుకు హద్దు ఎక్కడో కూడా తెలుస్తుంది. బలరేఖల వంపు కన్యాకుమారి దగ్గర దాదాపు సున్నా, ఢిల్లీలో 40 డిగ్రీలు దాటుతుంది. రాయలసీమ కన్యాకుమారికే దగ్గర. అందుకే కడప మీద కొంచెంగా ఊగిన కార్డు ఢిల్లీ మీద గట్టిగా ఊగుతుంది. దక్షిణార్ధగోళంలో మాట మొత్తం తిరగబడుతుంది.

ఏ దిక్కుకు పోయేవాళ్లు ఏ ఎత్తులో ఎగరాలనే నియమానికి తెలుగులో గుర్తు సిద్ధంగా ఉంది: తూర్పు బేసి, పడమర సరి. కంటికి కనిపించే దారి చూసుకుంటూ ఎగిరేవాళ్లు, అయస్కాంత ట్రాక్, అంటే అయస్కాంత ఉత్తరం నుంచి కొలిచిన దారి, 000 నుంచి 179 అయితే వేల అంకె బేసిగా 3500, 5500, 7500 అడుగులు, 180 నుంచి 359 అయితే వేల అంకె సరిగా 4500, 6500, 8500. మూలలు మనకు వాస్తు పుణ్యమా అని వచ్చు: ఈశాన్యం 045, ఆగ్నేయం 135, నైరుతి 225, వాయవ్యం 315. ఇంటి మూల మనిషి రాతను మారుస్తుందనడానికి ఆధారమేమీ లేదు, దిక్కులు నోటికి రావడం మాత్రం నిజమైన లాభం. ఉచ్చు ఉత్తరం దగ్గర ఉంది. కడప నుంచి శంషాబాద్ నేరుగా ఉత్తరమనిపిస్తుంది, గీత గీస్తే 353 డిగ్రీల దగ్గర వస్తుంది. పడమటి సగం, కాబట్టి సరి. తిరిగి వచ్చేటప్పుడు బేసి. ‘తూర్పు’ అనే మాట మీద కాక మ్యాపు మీద కొలిచిన సంఖ్య మీద ఆధారపడాలి. అదీ విమానం ముక్కు చూపే దిక్కు కాదు, నేల మీద పోయే గీత.

చివరగా ట్రాన్స్‌పాండర్ సంఖ్యలు. విమానం నుంచి రాడార్‌కు నాలుగంకెల గుర్తుసంఖ్య పంపే డబ్బా ఇది. 7500, 7600, 7700 మూడింటిలో మారేది రెండో అంకె ఒక్కటే. అయిదు అపహరణ, ఆరు ఆగిన రేడియో, ఏడు ఏదైనా ఆపద. అక్షరం అక్షరంతో కలిసింది కాబట్టి తడబాటు ఉండదు. మాట తెలుగులో తలుచుకున్నా చేతులు సంఖ్యలు తిప్పాలి, నోరు ‘మేడే’ అనే ఆపద పిలుపు ఇంగ్లీషులో మూడుసార్లు అనాలి. ఈ మూడూ కలిపే సాధన చేయాలి. మామూలు రోజుల్లో తప్పు ఇలా జరుగుతుంది: 2700 నుంచి 7200కి మార్చమంటారు, విద్యార్థి మొదటి అంకె ముందు తిప్పేస్తాడు, ఆ క్షణంలో డబ్బాలో 7700 నిలుస్తుంది, రాడార్ గదిలో ఎమర్జెన్సీ మోగుతుంది. రెండో అంకె ముందు తిప్పి 2200 చేసి, ఆ తర్వాత 7200 చేయాలి.