దోసిట్లో తెచ్చుకునే గీత

‘నాకు నచ్చిన చిత్రకారుడి బొమ్మలు చూసి గీస్తున్నాను. ఇలా చేస్తే సొంత శైలి చచ్చిపోతుందని మా మాస్టారు అంటున్నారు, నిజమేనా?’ అని ఒక పాఠకురాలు అడిగారు. మాస్టారి మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను: ఇంకా పుట్టని శైలికి చావు భయం లేదు. పెన్సిలు పట్టు, కాగితం రకం వంటివి ఎవరైనా చెబుతారు. నన్ను పట్టి లాగేది ఒక్కటే. అసలు బొమ్మ మీది నుంచి మన కాగితం మీదికి చూపు మళ్లే ఆ లిప్తకాలంలో ఏం జరుగుతుంది?

చెరువు నుంచి మొక్కకు దోసిట్లో నీళ్లు తేవడమే అది. చెరువు అసలు బొమ్మ, మొక్క మన కాగితం, దోసిలి మన తాత్కాలిక జ్ఞాపకం. ఈ దోసిలి మరీ చిన్నది. చూసినవాటిలో నాలుగు అంశాలకు మించి అందులో నిలవడం కష్టమని 1997లో లక్, వోగెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుల ప్రయోగాలు చూపించాయి. పైగా కన్ను స్పష్టంగా చూడగలిగే మేర, చాచిన చేతి బొటనవేలి గోరంత. అందువల్ల ఒక్క చూపుతో ముఖమంతా గీయబోతే నీళ్లు దారిలోనే కారిపోతాయి. మెదడు ఖాళీ దోసిలితో ఊరుకోదు, ఇంట్లో నిల్వ ఉన్న పాత నీళ్లు పోస్తుంది. కన్ను అనగానే ఒక బాదంకాయ! కొత్తవాళ్లు ఎవరి బొమ్మ చూసి గీసినా కళ్లన్నీ ఒకేలా ఉండటం అందుకే.

కాబట్టి నీళ్లు కొంచెం, నడక ఎక్కువ. కనురెప్ప చివరి వంపు ఒక్కటే చూసి, గీసి, మళ్లీ చెరువుకు వెళ్లాలి. బొమ్మను తలకిందులుగా పెట్టి గీయమనే చిట్కా పాత నీళ్ల కుండకు మూత వంటిది. అది ‘కన్ను’ అని మెదడు చప్పున గుర్తుపట్టలేదు గనుక బాదంకాయను బయటికి తీయదు. బొమ్మ మీద పల్చని కాగితం పరిచి దిద్దే ట్రేసింగ్ అంటారా? అది గొట్టం వేయడం. మొక్క తడుస్తుంది, దోసిలికి పని ఉండదు.

మరి ఈ రాకపోకల్లో చెయ్యి ఎలా నేర్చుకుంటుంది? చెయ్యి కదిలే ముందే గీత ఎలా పడుతుందో మెదడు అంచనా వేసుకుంటుంది. అంచనా తప్పితే, కదలికలను సరిదిద్దే చిన్నమెదడుకు కబురు వెళుతుంది. అక్కడి పుర్కింజీ కణాలనే పెద్ద నాడీకణాల్లో ఒక్కోదానికి సమాంతర తంతువులనే సన్నని నాడీ తీగలు లక్షకు పైగా సంకేతాలు తెస్తాయి, ఆరోహణ తంతువనే మరో రకం తీగ మాత్రం ఒక్కటే. నేర్పే సంకేతం తెచ్చేది ఈ ఒంటరి తంతువేనని 1969లో డేవిడ్ మార్, 1971లో జేమ్స్ ఆల్బస్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. తప్పుకు కారణమైన సంధులు, అంటే తంతువు కణాన్ని కలిసే చోట్లు, అప్పుడు బలహీనపడతాయని ఆల్బస్ ఊహించాడు. అలా బలహీనపడటాన్ని 1980లలో మసావో ఇటో బృందం ప్రయోగాల్లో చూసింది. అరచేతి రేఖలు చూసి ‘కళ రాసిపెట్టి ఉంది’ అని చెప్పేవారికి ఈ తంతువు ఎక్కడ కనిపిస్తుందో మరి!

కుంచెతో విసిరిన వంపు గీతను దగ్గరగా చూడండి. సన్నగా మొదలై, నడుమ లావెక్కి, తోకలా తేలిపోతుంది. ఒక సాయంత్రమంతా దాన్ని జాగ్రత్తగా, నెమ్మదిగా గీశాను. ఆకారం వచ్చింది, కానీ అంచులు వణికాయి, తోక మొద్దుబారింది. నిపుణులు దొంగ సంతకాలను పట్టుకునేది ఇలాంటి గుర్తులతోనే. కన్ను చూసి చేతిని సరిదిద్దాలంటే సెకనులో పదో వంతు కన్నా ఎక్కువే పడుతుంది. విసిరిన గీత ఈలోగా చాలా దూరం వెళ్లిపోతుంది, కాబట్టి అది ముందే తలలో తయారై ఉండాలి. ఆకారాన్ని వదిలి వేగాన్ని అనుకరించాక గానీ నాకు తోక రాలేదు. తొలి గీతలన్నీ పక్కదారి పట్టాయనుకోండి.

ఇక సొంత శైలి మాట. ఆ చిత్రకారుడు కూడా లోకమనే చెరువు నుంచి దోసిట్లోనే తెచ్చుకున్నాడు. ఏది పట్టాడు, ఏది కారనిచ్చాడు అన్నదే అతని శైలి. డచ్ చిత్రకారుడు వాన్ గోహ్ 1887లో, జపాన్ చిత్రకారుడు హిరోషిగే గీసిన ప్లమ్ తోటను గళ్లు వేసి మరీ ట్రేస్ చేసుకున్నాడు. గొట్టమే! అయితే అక్కడితో ఆగక రంగులు ముదురుగా వేసి, నారింజ అంచులు కట్టి, వాటి మీద జపాన్ అక్షరాలు పేర్చాడు. 1889, 1890లలో ఫ్రాన్సులోని సెయింట్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఉంటూ, ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే బొమ్మలు సుమారు ఇరవై మళ్లీ వేశాడు. ఎదుట ఉన్నవి నలుపు తెలుపు ప్రింట్లు. ఆ చెరువులో రంగు లేనే లేదు. గడ్డివాము నీడలో పడుకున్న జంట మిల్లేదే, ఆ పసుపూ నీలమూ మాత్రం వాన్ గోహ్ ఇంటి నీళ్లు.