చీకట్లో ఎదిగే గులాబీ కాడలు

రూబార్బ్‌ను వంటింట్లో పండుగా చూస్తారు. నిజానికి తినేది పండు కాదు, ఆకు కాడ. చుక్కకూరకు వృక్షశాస్త్రపరంగా దగ్గరి చుట్టమైన ఈ మొక్క చలిదేశాల్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. చలికాలంలో ఆకులన్నీ చచ్చిపోయి, నేలలో దుబ్బు మాత్రమే మిగులుతుంది. బ్రిటన్‌లో ఆరుబయట పెరిగే రూబార్బ్ సాధారణంగా ఏప్రిల్‌కి గానీ కోతకు రాదు. అదే దేశంలో వెస్ట్ యార్క్‌షర్ రైతులు జనవరి నుంచే లేత గులాబీ కాడలు మార్కెట్‌కి పంపుతారు. దీనికి వాళ్లు వాడే పద్ధతి పేరు ఫోర్సింగ్. మొక్కను చీకట్లో, కాస్త వెచ్చగా ఉంచి ముందుగానే మొలిపించడం.

ఇది 19వ శతాబ్దం తొలి రోజుల్లో లండన్‌లోని చెల్సీ ఔషధ వనంలో అనుకోకుండా బయటపడిందని చెబుతారు. కాలువ తవ్విన మట్టి రూబార్బ్ దుబ్బుల మీద పడిందట. కొన్ని వారాల తర్వాత ఆ మట్టి తీసి చూస్తే తెల్లగా, లేతగా కాడలు కనిపించాయి. కథలోని వివరాల మాటెలా ఉన్నా, మట్టి చేసిన పని మాత్రం ఇప్పటికీ ఫోర్సింగ్‌కి ఆధారం: వెలుతురు ఆపడం.

చీకట్లో కిరణజన్య సంయోగక్రియ జరగదు. కాబట్టి పెరిగే ప్రతి అంగుళం కాడకూ ఖర్చు దుబ్బులోని పాత నిల్వలోంచే రావాలి. అందుకే యార్క్‌షర్‌లో ఫోర్సింగ్‌కి పెట్టే దుబ్బుల్ని ముందు రెండేళ్లు పొలంలో పెంచుతారు, ఆ రెండేళ్లూ ఒక్క కాడ కూడా కోయరు. విశాలమైన ఆకులు వేసవంతా తయారుచేసిన ఆహారం పిండిపదార్థంగా వేరులో చేరుతుంది. నత్రజని ఎక్కువగా కావాలి కనుక ఒకప్పుడు ఉన్ని మిల్లుల వ్యర్థాన్ని ఈ పొలాలకు వేసేవారు. ఉన్ని నెమ్మదిగా కుళ్లుతూ నెలల తరబడి నత్రజని అందిస్తుంది. ఏడాది వయసు దుబ్బును తొందరపడి ఫోర్స్ చేస్తే పెన్సిల్ లావు కాడలు నాలుగొచ్చి ఆగిపోతాయి. తప్పు చీకటిది కాదు, ఖాళీ వేరుది.

నిల్వ నిండితే చాలదు, చలి కూడా తగలాలి. శరదృతువులో ఆకులు రాలాక దుబ్బు సుప్తావస్థలోకి వెళ్తుంది. అప్పుడు దాన్ని వెచ్చటి గదిలో పెట్టినా మొగ్గలు కదలవు. తగినంత కాలం చలి తగిలాకే ఆ నిద్ర వదులుతుంది. దీన్ని లెక్కగట్టడానికి పెంపకందారులు వాడే పద్ధతి సులువైనది. రోజూ ఉదయం 9 గంటలకు 10 సెంటీమీటర్ల లోతులో నేల ఉష్ణోగ్రత చూస్తారు. అది 10 డిగ్రీల సెల్సియస్‌కి ఎంత తక్కువుంటే అన్ని చలి యూనిట్లు. నేల 4 డిగ్రీలుంటే ఆ రోజుకి 6 యూనిట్లు; అలాంటి పది రోజులకి 60. టింపర్లీ ఎర్లీ అనే రకానికి తక్కువ యూనిట్లు చాలు, అందుకే సీజన్ దానితోనే మొదలవుతుంది. విక్టోరియాకి చాలా ఎక్కువ కావాలి కాబట్టి అది చివర్లో వస్తుంది. క్యాలెండర్ చూసి దుబ్బు తవ్వేవారు మోసపోయేది ఇక్కడే. శీతాకాలం వెచ్చగా గడిస్తే, డిసెంబరు వచ్చినా దుబ్బుకి మాత్రం ఇంకా శరత్తే. జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే హార్మోన్‌తో ఈ లోటును కొంత పూడ్చవచ్చు, కానీ ఇంటి తోటకి అది అక్కర్లేని హడావుడి. ఇంకో రెండు వారాలు ఆగితే సరి.

ఇక చీకటి. మొలక తాను మట్టిలోనే ఉన్నానని 'అనుకుంటుంది'. కాంతిని గుర్తించే ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్‌కి సంకేతం అందకపోవడంతో, మొక్క ఆకు విప్పడం ఆపి కాడను పొడిగించడానికే బలమంతా పెడుతుంది. ఫలితంగా పొడవాటి కాడ చివర ముడుచుకున్న చిన్న పసుపు ఆకు వస్తుంది. పత్రహరితం తయారవడానికి వెలుతురు కావాలి కనుక పచ్చదనం ఉండదు. అయితే కాడకు గులాబీ రంగునిచ్చే ఆంథోసయనిన్ చీకట్లోనూ తయారవుతుంది, పచ్చదనం అడ్డు లేకపోవడంతో మరింత మెరుస్తుంది. గట్టి పీచు అంతగా ఏర్పడదు కాబట్టి తొక్క తీయాల్సిన పనే లేదు.

యార్క్‌షర్ షెడ్లు పొడవుగా, తక్కువ ఎత్తులో, కిటికీలు లేకుండా ఉంటాయి. చలి తగిలిన దుబ్బుల్ని వేళ్లతో సహా తవ్వి తెచ్చి, నేల మీద ఒకదానికొకటి ఆనేలా పేర్చి, సందుల్లో మట్టి నింపి నీళ్లు పెడతారు. వేడి 12 నుంచి 15 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఇంకా పెంచితే కాడలు త్వరగా వస్తాయి గానీ సన్నగా, పాలిపోయి ఉంటాయి. ఈ పంటలో తొందరకి ధర రంగే. మొగ్గను కప్పిన పలుచని పొర చీలుతున్నప్పుడు వచ్చే టప్ టప్ శబ్దం నిశ్శబ్దంగా ఉన్న షెడ్‌లో చెవికి వినిపిస్తుంది. కోత కొవ్వొత్తి వెలుగులో జరుగుతుంది. సందర్శకులకు ఇది వేడుకలా అనిపించవచ్చు. అసలు కారణం, ఎక్కువ వెలుతురు పడితే కాడలు పచ్చబడటం మొదలవుతుంది. కోత ముగిసేసరికి దుబ్బు పూర్తిగా ఖాళీ అయిపోతుంది, దాన్ని కంపోస్టులో వేయడమే. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ పట్టణాల మధ్య ప్రాంతానికి రూబార్బ్ త్రికోణం అని పేరు. 2010లో ఇక్కడి పంటకి యూరోపియన్ యూనియన్ మూలస్థాన రక్షణ హోదా ఇచ్చింది.

ఇంటి తోటలో దుబ్బును తవ్వనక్కర్లేదు, ఉన్నచోటే కప్పవచ్చు. కనీసం రెండు మూడేళ్ల వయసున్న, గత వేసవిలో బాగా ఎదిగిన మొక్కను ఎంచుకోవాలి. జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో పాత కుళ్లిన ఆకుల్ని తీసేసి, 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున్న మట్టికుండో, బోర్లించిన పెద్ద బకెట్టో పెట్టండి. మట్టికుండకి అడుగున రంధ్రం ఉంటే మూసేయండి. ఒక్క సన్నని వెలుతురు గీత చాలు, కాడలన్నీ అటే వంగుతాయి. గాలికి ఎగిరిపోకుండా పైన రాయి పెట్టి, చుట్టూ గడ్డి గానీ, బాగా చివికిన పశువుల ఎరువు గానీ పేర్చితే లోపల వెచ్చగా ఉంటుంది. ఎరువు మొగ్గల మీద మాత్రం పడకూడదు, కుళ్లు అక్కడే మొదలవుతుంది. వారానికోసారి మూత ఎత్తి చూడాలి. గుల్ల లేని నత్తలకు చీకటి, తడి, లేత కాడలు కలిసి దొరికితే విందే. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కాడలు 20 నుంచి 30 సెంటీమీటర్లకు వస్తాయి. కప్పని మొక్క కంటే ఇది సుమారు మూడు నాలుగు వారాలు ముందు.

ఇంకా ముందే కావాలంటే ఒక దుబ్బును తవ్వి, మంచు పట్టేలా ఒకట్రెండు వారాలు బయటే వదిలి, తర్వాత తేమ ఉన్న కంపోస్టుతో పెద్ద కుండీలో మొగ్గలు పైకి ఉండేలా నాటి, చీకటి గదిలో 10 నుంచి 15 డిగ్రీల దగ్గర పెట్టాలి. మట్టి ఎండకూడదు, నానిపోకూడదు. నీరు నిలిస్తే మొగ్గలు మెత్తబడి గోధుమరంగుకి తిరుగుతాయి. ఆ దుబ్బు ఇక బాగుపడదు, పక్కవాటికి అంటకముందే తీసేయాలి.

కాడను కత్తితో కోయకూడదు. మిగిలిన మొదలు కుళ్లి దుబ్బులోకి పాకుతుంది. అడుగున పట్టుకుని కొంచెం మెలితిప్పి లాగితే కీలు దగ్గర శుభ్రంగా ఊడివస్తుంది. ఆకును వెంటనే తుంచి పారేయాలి. అందులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, చీకట్లో పెరిగిన చిన్న ఆకైనా తినకూడదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కొరత ఉందని బ్రిటన్‌లో ఈ ఆకుల్ని కూరలా తినమని సలహా ఇచ్చారు. జనం విషప్రభావానికి లోనయ్యారు, ప్రాణాలూ పోయాయి.

కోత అయ్యాక మూత తీసేసి, ఆ ఏడాది ఇక ఒక్క కాడా లాగకండి. కొత్త ఆకులు వేసవంతా ఎండలో ఉండి వేరును నింపాలి. పూకాడ కనిపిస్తే మొదట్లోనే తుంచేయాలి, లేకపోతే నిల్వ గింజలకి పోతుంది. అదే మొక్కను మళ్లీ ఫోర్స్ చేయడానికి కనీసం రెండేళ్లు ఆగాలి. అందుకే ప్రతి ఏడూ చలికాలంలో కాడలు కోరుకునేవారు మూడు మొక్కల్ని మీటరు దూరంలో నాటి, ఏడాదికొకదాన్ని కప్పుతారు.