జ్వరానికి కలువ పువ్వు

యునాని హకీములు కలువను నీలోఫర్ అంటారు. ఒళ్లు కాలిపోతూ, తలపోటుతో, ముక్కు కారుతూ వచ్చిన రోగికి ఎండిన కలువ రేకుల్ని నానబెట్టి, కాచి, వడగట్టి, ఆ నీటిని పంచదారతో పాకం పట్టి షర్బత్‌గా ఇస్తారు. జలుబుకు వాళ్లిచ్చే అసలు మందు జోషాందా కషాయం. ఉన్నాబ్ అనే రేగు జాతి పండ్లు, అతిమధురం, బనఫ్షా (వయొలెట్) పూలు అందులో ముఖ్యం. కలువ పని వేరు: వాళ్ల లెక్కలో అది చలువ చేసేది, తేమనిచ్చేది.

ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత సూత్రస్థానం 38వ అధ్యాయంలో ఉత్పలాది గణం అనే మందు మొక్కల జాబితా ఉంది. ఆరు రకాల కలువలు, తామరలు, వాటితో పాటు అతిమధురం. అవి ఒంటి మంటను, దప్పికను, వాంతిని, మూర్ఛను తగ్గిస్తాయని చెప్పారు. జలుబు, దగ్గు ఆ వరసలో లేవు. నాకు ఇది చాలా విలువైన సంగతి. కలువ జలుబును నయం చేస్తుందని ఆ వరస చెప్పలేదు, జ్వరంలో కూడా మనిషి పడే మంట, దప్పిక వంటి బాధలను పట్టించుకుంది.

వైరస్ చొరబడగానే రోగనిరోధక కణాలు విడుదల చేసే రసాయనాల వల్ల మెదడులో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం పెరుగుతుంది. ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం హైపోథాలమస్ ఆ వేడిని పై మెట్టుకు జరుపుతుంది. పారాసిటమాల్ ఈ ప్రోస్టాగ్లాండిన్ తయారీకే అడ్డుపడుతుంది. వేడెక్కిన ఒంట్లోంచి చర్మం ద్వారా, ఊపిరి ద్వారా నీరు పోతుంది. నోరు పిడచకట్టుకుపోతుంది, నీరసం ముంచుకొస్తుంది. అన్నం సయించని ఆ పూట గ్లాసుడు షర్బత్ నీటినీ, కాస్త శక్తినీ ఇస్తుంది. ఈ ఉపశమనం నిజమైనదే, దీన్ని చిన్నచూపు చూడకూడదు.

మరి పువ్వు సంగతి? కలువ రేకుల్లో క్వెర్సెటిన్, కెంఫెరాల్ వంటి ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల రసాయనాలున్నాయి. ప్రయోగశాలలో ఇవి వాపు ప్రక్రియను నెమ్మదింపజేస్తాయి. కానీ తాగిన క్వెర్సెటిన్‌లో రక్తంలోకి చేరేది కొద్దిగానే. పైగా జలుబు తెచ్చే రైనోవైరస్‌లు వందకు పైగా రకాలున్నా, మామూలు జలుబు 7 నుంచి 10 రోజుల్లో దానంతటదే పోతుంది. మూడో రోజు షర్బత్ మొదలుపెట్టిన మనిషి కోలుకున్నాక ఆ ఘనత పువ్వుకే కట్టబెడతాడు. అందుకే ఇలాంటి మందును తాగినవాళ్లనూ తాగనివాళ్లనూ పక్కపక్కన పోల్చి చూడాలి.

వాడదలచినవాళ్లకు ఒక మాట. నీటి మొక్కలు మురికి నీటిలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చుకుంటాయి, కాబట్టి కనబడిన చెరువులోంచల్లా పూలు కోసుకోవద్దు. మధుమేహం ఉన్నవాళ్లకు షర్బత్‌లోని పంచదారే ఇబ్బంది. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.