“వచ్చే నెలే విడుదల” అంటే ఏమిటి? కొత్త పుస్తకాల గురించి అపోహలు - వాస్తవాలు

నవంబరు మూడో వారం దాటిందంటే నా ఫోన్‌కి రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. పాఠకులేమో “ఈసారి బుక్ ఫెయిర్‌కి ఏమేం తెస్తున్నారండీ?” అని అడుగుతారు. రచయితలేమో “మన పుస్తకం ఫెయిర్‌కి వచ్చేస్తుంది కదండీ?” అంటారు. మొదటివాళ్లకి వెంటనే జాబితా పంపిస్తాను. రెండోవాళ్లకి ఒక టీ తాగి జవాబిస్తాను.

మాది చిన్న ప్రచురణ సంస్థ. ఎడిటింగ్, ప్రూఫులు (అచ్చుకి ముందు తప్పులు చూసే పేజీలు) దిద్దడం, ప్రెస్సు చుట్టూ తిరగడం, స్టాల్లో కూర్చుని బిల్లు రాయడం, అన్నీ మేమే. డిసెంబరు జాబితాలో మావి ఐదు ఉన్నాయి: ఒక నవల, ఒక కథల సంపుటి, ఒక కవిత్వం, తమిళం నుంచి ఒక అనువాదం, పిల్లలకి ఒక బొమ్మల పుస్తకం. ఇలాంటి జాబితాలు చూసి జనం ఏమేం అనుకుంటారో ఏటా వింటూనే ఉన్నాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ముఖచిత్రం ఫేస్‌బుక్‌లో పెట్టేశారు, అంటే పుస్తకం అచ్చయిపోయింది.

వాస్తవం: అట్ట బయటికొచ్చే రోజుకి లోపలి పేజీలు చాలాసార్లు రెండో ప్రూఫులో ఉంటాయి. ఒక్కోసారి మొదటి ప్రూఫు కూడా పూర్తయి ఉండదు. అట్ట ముందు ఎందుకు వదులుతామంటే, ముందస్తు ఆర్డర్లు రావాలి, ఆ డబ్బుతో కాగితం కొనాలి.

మరి ప్రూఫులకి అంత టైమెందుకు? రచయితలు ఇప్పుడు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లో టైప్ చేసి పంపుతారు. మా డీటీపీ ఆయన (కంప్యూటర్‌లో పేజీలు కూర్చేవారు) చెయ్యి తిరిగింది పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో. యూనికోడ్‌ని అనులోకి కన్వర్టర్‌తో మారుస్తాం. అక్కడే మొదలవుతుంది అసలు కథ. “సాఫ్ట్‌వేర్” అన్న మాటలో ట్‌కీ వేకీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది, రెండిటినీ కలవకుండా ఆపడానికి. కన్వర్టర్‌లో అది ఎగిరిపోతుంది. అప్పుడు ట వత్తు కింద వ వత్తు కూడా చేరి “సాఫ్ట్వేర్” అయి కూర్చుంటుంది. ఒక కథలో ఆ మాట నలభైసార్లు ఉంటే నలభైసార్లూ వెతికి విడదీయాలి. అందుకే మా ఆఫీసులో ఒక జోకు ఉంది: పల్లెటూరి కథలకి రెండు ప్రూఫులు, హైటెక్ సిటీ కథలకి నాలుగు. ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో నేరుగా యూనికోడ్‌తో పేజీలు పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కొత్త సంస్థలు అలాగే చేస్తున్నాయి. మేమూ సగం పుస్తకాలకి మారాం.

దానికి తోడు ముందుమాట. కథల సంపుటానికి పెద్దవాళ్లెవరైనా నాలుగు మాటలు రాస్తే బాగుంటుందని రచయితకి ఉంటుంది. నిరుడు ఒక పుస్తకాన్ని సరిగ్గా 192 పేజీలకి సర్దాం. ఒక పెద్ద కాగితం మడిస్తే వచ్చే పదహారు పేజీలకి ఒక ఫారం లెక్కన పన్నెండు ఫారాలు. ముందుమాటకి నాలుగు పేజీలు ఖాళీగా వదిలాం. ముందుమాట రాసే పెద్దాయన ప్రేమతో పదమూడు పేజీలు రాసి పంపారు. మొత్తం 201 అయింది. అరఫారం కలిపితే 200 వరకు వెళ్లొచ్చు. మిగిలిన ఒక్క పేజీ కోసం ఇంకో అరఫారం వెయ్యలేం, పెద్దాయన రాసింది కొయ్యనూ లేం. రచయిత కృతజ్ఞతలను విషయసూచిక కింద ఖాళీలోకి ఇరికించి గట్టెక్కాం. అప్పటికే విషయసూచికలో పేజీ నంబర్లన్నీ తప్పు. పేజీలు పెరిగాయి కాబట్టి స్పైన్ (పుస్తకం వెన్ను) వెడల్పు కూడా మారింది. అట్ట మళ్లీ చేయించాల్సి వచ్చింది. ఫేస్‌బుక్‌లో జనం మెచ్చుకున్న అట్ట వేరు, అచ్చయిన అట్ట వేరు. మిల్లీమీటరు కూడా లేని తేడా అనుకోండి, కానీ స్పైన్ మీద పేరు పక్కకి జరిగితే షెల్ఫులో ఆ పుస్తకం జన్మంతా వంకరగానే కనిపిస్తుంది.

అపోహ: ఆవిష్కరణ సభ అయిందంటే షాపుల్లో దొరుకుతుంది.

వాస్తవం: తెలుగు పుస్తకానికి మూడు పుట్టినరోజులు. ఇంప్రింట్ పేజీలో (ప్రచురణ వివరాలుండే పేజీ) “మొదటి ముద్రణ” దగ్గర వేసే నెల ఒకటి. సభ జరిగే రోజు రెండోది. డబ్బులిస్తే చేతికొచ్చే రోజు మూడోది. మూడూ ఒకే వారంలో పడితే ఆ ఏడాది మా జాతకం బాగున్నట్టు.

రవీంద్రభారతిలోనో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో త్యాగరాయ గానసభలోనో హాలు దొరికిన తేదీని బట్టి సభ పెట్టేస్తాం. ఆ తేదీకి ప్రెస్సు సిద్ధంగా ఉండాలని ఏముంది? వేదిక మీద రంగు కాగితం విప్పి, పుస్తకాన్ని గుండెల దగ్గర పట్టుకుని వరసగా నిలబడి ఫొటో దిగే ఆ ఇరవై ముప్పై కాపీలు ఒక్కోసారి డిజిటల్‌లో (ప్లేట్లు లేకుండా ఫైలు నుంచి నేరుగా) విడిగా వేయించినవి. అసలు ముద్రణ ఇంకా బైండింగులో ఉంటుంది. మేమూ ఇలా చేశాం, అబద్ధమెందుకు. ఆ కాపీల్లో ఒకటి మీ దగ్గరుంటే తర్వాత వచ్చినదాని పక్కన పెట్టి చూడండి, కాగితం రంగులోనే తేడా తెలిసిపోతుంది.

కాబట్టి జాబితాలో తేదీ చూసినప్పుడు అది సభ తేదీయా అమ్మకం తేదీయా అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

అపోహ: ఫెయిర్‌కి ముందు తెస్తే ఎక్కువ అమ్ముడవుతుంది, అందుకే అందరూ డిసెంబరులో తెస్తారు.

వాస్తవం: సగమే నిజం. హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరు రెండో సగంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతుంది. అది ముగిసీ ముగియకుండానే విజయవాడ పుస్తక మహోత్సవం. ఏడాదిలో పాఠకులు తమంతట తాము మా దగ్గరికి నడిచివచ్చే రోజులు ఇవే, మిగతా పదకొండు నెలలూ మేమే వాళ్లని వెతుక్కోవాలి. అంతవరకు నిజం.

కానీ అదే నెలలో ప్రెస్సులకి డైరీలు, క్యాలెండర్లు వచ్చి పడతాయి. లక్ష క్యాలెండర్లు వేయించేవాడి ముందు 500 కాపీల కథల పుస్తకం ఎక్కడ నిలబడుతుంది? పైగా ఒకే వారంలో అన్ని సంస్థల పుస్తకాలూ దిగుతాయి. స్టాల్లో నేను కళ్లారా చూసేది ఇదీ: చేతిలో రెండు వేలు పెట్టుకుని వచ్చిన మనిషి పది పుస్తకాలు తీసి చూసి, ఆరు కొనకుండా పక్కన పెట్టేస్తాడు. ఆ ఆరింటిలో ఎక్కువ కొత్త పేర్లే. కొత్త రచయిత మొదటి పుస్తకాన్ని ఆగస్టులో తెచ్చి, నాలుగు సమీక్షలు పడ్డాక ఫెయిర్‌కి తీసుకెళ్లడం మేలని నా అభిప్రాయం. వినేవాళ్లు తక్కువ.

అపోహ: ఏడాది లోపు తెస్తే ఆ ఏటి సాహిత్య అకాడెమీ అవార్డుకి పోటీలో ఉంటుంది.

వాస్తవం: ఉండదు. అవార్డు సంవత్సరానికి ముందు ఏడాదిని కూడా వదిలేసి, దానికి వెనకటి ఐదేళ్లలో మొదటిసారి వచ్చిన పుస్తకాలను చూస్తారు. 2024 అవార్డుకి 2018 జనవరి 1 నుంచి 2022 డిసెంబరు 31 వరకు వచ్చినవి. డిసెంబరు 31 లోపు అచ్చు వేయించాలని తొందరపెట్టే రచయితలకి నేను ఈ లెక్క చెబుతాను. కొందరు నమ్మరు.

అపోహ: రెండు వారాల్లో రెండో ముద్రణ వచ్చిందంటే వేలల్లో అమ్ముడైనట్టు.

వాస్తవం: ఎన్ని కాపీలు వేశారో అడగండి. ప్లేట్లతో అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో 500 కాపీల కంటే తక్కువ వేస్తే కాపీ ధర గిట్టుబాటు కాదు. డిజిటల్‌లో అయితే 50 కూడా వేయించుకోవచ్చు. యాభై చొప్పున మూడుసార్లు వేయించి “మూడో ముద్రణ” అని పోస్టర్ వేస్తే అది అబద్ధం కాదు, అలాగని మీరు ఊహించుకున్నదీ కాదు. తక్కువ వేయడం తప్పని నేననను. గోడౌన్‌లో చెదలకి పెట్టడం కంటే నయం. అయితే ముద్రణ ఎన్నోదో వేసినప్పుడు పక్కన ప్రతుల సంఖ్య కూడా వేయాలి. పాత పుస్తకాల్లో “ప్రతులు: 1000” అని వేసేవాళ్లు. ఇప్పుడు ఆ లైను చాలావాటిలో కనపడదు.

అపోహ: ఐఎస్‌బీఎన్ ఉంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్నట్టు, కాపీరైట్ వచ్చినట్టు.

వాస్తవం: అది పుస్తకానికి నంబరు, అంతే. 2007 నుంచి పదమూడు అంకెలు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. దీనికి వేలు వసూలు చేసే మధ్యవర్తులు ఉన్నారు, ఇవ్వకండి. కాపీరైట్ రాసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చట్టం మాకు నిజంగా పెట్టిన పని వేరే ఉంది: 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, ఇంకో మూడు గ్రంథాలయాలకీ ఒక్కో కాపీ మా ఖర్చుతో పంపాలి. చెన్నైలోని కన్నెమరా వాటిలో ఒకటి.

అపోహ: ఏ రకం పుస్తకమైనా ఒకటే, నెల రోజుల్లో తేవచ్చు.

వాస్తవం: నాకు తెలిసి తెలుగులో తేదీ తప్పని పుస్తకం ఒక్కటే, పంచాంగం. ఉగాది దాటితే ఎవరు కొంటారు? పోటీ పరీక్షల పుస్తకాలకి నోటిఫికేషనే ముహూర్తం. ఆ ప్రచురణకర్తలు నెలల జాబితాలు వేయరు, పేపర్లో గ్రూప్స్, డీఎస్సీ వార్తలు చూస్తూ ఉంటారు.

నవల, కథలు, కవిత్వం అచ్చు వరకు ఒక్కలాంటివే, నలుపు తెలుపు. కవిత్వం పేజీలు తక్కువ, తగువులు ఎక్కువ. ఒక పాదం ఎక్కడ విరగాలో కవికీ డీటీపీకీ మధ్య నేను పంచాయితీ చేయాలి. పిల్లల బొమ్మల పుస్తకం 24 పేజీలే, అయినా అన్నిటికంటే ముందు మొదలుపెట్టి అన్నిటికంటే చివర ముగించేది అదే. బొమ్మలు వేసేవాళ్లకి నెలలు పడుతుంది. నాలుగు రంగులు, మందం కాగితం. బొమ్మ మీద అక్షరాలు పడే చోట “ఏనుగు తొండం కొంచెం పక్కకి జరపండి” అని బతిమాలడం వేరు.

అనువాదానికి ఆలస్యమయ్యేది అనువాదం దగ్గర కాదు, హక్కుల దగ్గర. “రచయిత ఎప్పుడో పోయారు కదా, ఇంకా అనుమతేమిటి?” అంటారు. మన చట్టంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు హక్కులు వారసులకి ఉంటాయి. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే 2043 చివరిదాకా. గురజాడ 1915లోనే పోయారు కాబట్టి ఎవరైనా వేసుకోవచ్చు. ఇందులో ఇంకో మెలిక ఉంది. మూలానికి హక్కులు తీరిపోయినా, దానికి ఎవరో చేసిన అనువాదం మీద ఆ అనువాదకులకి వేరే హక్కు ఉంటుంది. దాన్ని తెచ్చి అచ్చేస్తే దొరికిపోతారు.

అపోహ: పుస్తకానికి పన్ను లేదు కదా, ధర ఎందుకింత?

వాస్తవం: పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు, నిజమే. మేం కొనే కాగితం మీద ఉంది. అమ్మేదాని మీద పన్ను లేదు కాబట్టి కొన్నప్పుడు కట్టింది మాకు తిరిగి రాదు. 200 రూపాయల పుస్తకం షాపుకి 40 శాతం తగ్గింపు మీద ఇస్తే 120 మిగులుతుంది. రచయితకి పది శాతం అంటే 20. మిగిలిన వందలో కాగితం, అచ్చు, బైండింగు, డీటీపీ, అట్ట బొమ్మ, సమీక్షలకి పంపే కాపీలు, ఫెయిర్‌లో స్టాలు అద్దె.

అపోహ: ముందస్తు ఆర్డరు వేసినా, ఫెయిర్‌లో కొన్నా ఒకటే.

వాస్తవం: మీకు ఒకటే కావచ్చు. మాకు మాత్రం ఎన్ని కాపీలు వేయాలో తేల్చేది ఆ ఆర్డర్లే. ఊరిలో పుస్తకాల షాపు లేని పాఠకులకి ఉన్న దారీ అదే. వాళ్లకి పుస్తకం పోస్టులో వెళ్లాలి. పుస్తకాలకి తక్కువ చార్జీతో ఉన్న రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరు 18న తీసేశారు. ఆ ఏటి హైదరాబాద్ ఫెయిర్ మొదలైంది 19న. అప్పటికే “పోస్టు ఖర్చు మాదే” అని పోస్టర్లు వేసుకున్నవాళ్లం తలలు పట్టుకున్నాం. 2025 మే 1 నుంచి దాని బదులు పుస్తకాలకి జ్ఞాన్ పోస్ట్ అనే సర్వీసు వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది. రోడ్డు, రైలు మీద వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యం. ఒక్క పుస్తకమైతే కవరుతో కలిపి 300 గ్రాములు దాటకుండా చూసుకోవాలి. 200 పేజీల డెమీ సైజు (మామూలు నవల సైజు) పుస్తకం ఆ గీత మీదే ఊగుతుంది. అందుకే ఈసారి నవలకి కాగితం ఎంచుకునేటప్పుడు కాటా కూడా పక్కన పెట్టుకున్నాను.

ఇక మా ఐదింటి సంగతి. నవల ప్రెస్సులో ఉంది, ఫెయిర్ మొదటి రోజుకి వస్తుంది. కథల సంపుటి మూడో ప్రూఫులో ఉంది, మొదటి రోజు కష్టం, రెండో ఆదివారానికి చూడండి. అనువాదానికి సంతకాలయ్యాయి, బైండింగు మిగిలింది. పిల్లల పుస్తకం విజయవాడకే. కవిత్వానికి మాత్రం ఇప్పుడే ఏ తేదీ చెప్పను, ముందుమాట ఇంకా రాలేదు.