లైట్లు వెలుగుతాయి, ఛార్జింగ్ మాత్రం ఎక్కదు

క్యారవాన్‌లో చలి ప్రాంతానికి వెళ్లిన ఒక పాఠకుడు అడిగారు: "పొద్దున మైనస్ 4 డిగ్రీలు. లైట్లు, నీళ్ల పంపు, ఫ్రిజ్ అన్నీ నడుస్తున్నాయి. సోలార్ ప్యానెల్ మీద ఎండ కూడా బాగా పడుతోంది. లిథియం బ్యాటరీకి మాత్రం ఛార్జింగ్ ఎక్కడం లేదు. పాడైందంటారా?"

పాడవలేదు. అందులోని రక్షణ సర్క్యూట్, అంటే బీఎంఎస్, కావాలనే ఛార్జింగ్ ఆపింది. కరెంటు ఇవ్వడానికి సరేనని, పుచ్చుకోవడానికి ససేమిరా అనడం ఎందుకో తెలిస్తే ఈ బ్యాటరీ మీద గౌరవం పెరుగుతుంది.

క్యారవాన్లలో ఎక్కువగా వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, నాలుగు వరసగా కలిపితే 12.8. ఛార్జ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు పాజిటివ్ వైపు నుంచి బయల్దేరి, నెగటివ్ వైపున్న గ్రాఫైట్ పొరల మధ్యకు దూరతాయి. పూర్తిగా నిండితే ఆరు కార్బన్ పరమాణువులకు ఒక లిథియం చొప్పున సర్దుకుంటాయి.

గ్రాఫైట్‌ని ఒక బస్సు అనుకోండి. ఎక్కినవాళ్లు చకచకా లోపలికి జరిగితే ఎంతమంది వచ్చినా ఇబ్బంది లేదు. చలిలో అయాన్ల కదలిక మందగిస్తుంది. వెనక సీట్లు ఖాళీగానే ఉంటాయి, తలుపు దగ్గర మాత్రం తోపులాట. ఛార్జర్‌కి ఇదేమీ పట్టదు, ఇంకా ఎక్కించమంటూ తోస్తూనే ఉంటుంది. లోపలికి వెళ్లలేని అయాన్లు ఫుట్‌బోర్డు మీదే ఉండిపోతాయి, అంటే గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటాయి. దీన్నే లిథియం ప్లేటింగ్ అంటారు. దిగేటప్పుడు ఈ గొడవ లేదు. వెనకవాళ్లు నెమ్మదిగా వస్తారు, కాస్త ఆలస్యమవుతుంది, అంతే. అందుకే చాలా బ్యాటరీలు మైనస్ 20 దాకా కరెంటు ఇస్తాయి, సున్నా కింద ఛార్జింగ్‌ని మాత్రం ఒప్పుకోవు.

వోల్టుల్లో చూస్తే ప్రమాదం ఎంత దగ్గరో తెలుస్తుంది. నిండిన గ్రాఫైట్ పొటెన్షియల్ లిథియం లోహం కంటే దాదాపు 0.1 వోల్టు మాత్రమే పైన ఉంటుంది. చలిలో అంతర్గత నిరోధం పెరిగి, ఛార్జింగ్ కరెంటు ఆ కాస్త తేడానీ మింగేస్తుంది. ఆ తేడా సున్నా వోల్టుల కిందికి జారితే లోహం పేరుకోవడం మొదలు. దానిలో కొంత మళ్లీ వాడకంలోకి రాదు, కెపాసిటీ శాశ్వతంగా తగ్గుతుంది. ఇంకొంత సూదుల్లా పెరిగి, పాజిటివ్, నెగటివ్ వైపులు తగలకుండా మధ్యలో ఉండే సెపరేటర్ పొరని (మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం) పొడిస్తే లోపలే షార్ట్ సర్క్యూట్. పాఠాల్లో అయాన్లకు బాణం గుర్తు గీసి వదిలేస్తారు. ఆ ప్రయాణానికి టైమ్ పడుతుందని కూడా చెబితే ఇదంతా పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

"కొత్త బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి నింపాలి" అన్న నమ్మకం పాత నికెల్ బ్యాటరీల కాలం నాటిది, లిథియంకు అక్కర్లేదు. "ఈ రకం అసలు మండదు" అన్నది అంతకంటే ప్రమాదకరమైన నమ్మకం. ఫాస్ఫేట్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి మిగతా రకాల కన్నా నయమే. కానీ లోపలి ఎలక్ట్రోలైట్ మండే ద్రవం. సెల్ బాగా వేడెక్కితే హైడ్రోజన్ లాంటి మండే వాయువులు వస్తాయి. మనం పడుకునే గదిలోనే బ్యాటరీ ఉందని మరవకండి.

ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా ఛార్జ్ చేయడమూ మంచిది కాదు. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. మధ్యలో కరెంటుకు హద్దు పెట్టే డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి.

మళ్లీ చలి సంగతికి వద్దాం. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ బరువు 11 కిలోలనుకుందాం. కిలోకి ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 1 కిలోజౌల్ కావాలి. పది డిగ్రీలకు 110 కిలోజౌల్స్, అంటే 30 వాట్-అవర్లు. బ్యాటరీలో ఉండేది 1280. వేడి బయటికి పోయేదాన్ని కలుపుకున్నా ఖర్చు తక్కువే. అందుకే హీటర్ ఉన్న బ్యాటరీలు వచ్చిన సోలార్ కరెంటుతో ముందు తమను తాము వెచ్చబరుచుకుని, ఆ తర్వాతే ఛార్జ్ అవుతాయి. హీటర్ లేకపోతే ఎండెక్కేదాకా ఆగాల్సిందే. అయితే గాలి వేడెక్కినంత త్వరగా 11 కిలోల ముద్ద వేడెక్కదు. ఛార్జర్‌కి ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే దాన్ని క్యారవాన్ గోడకు కాకుండా బ్యాటరీకే ఆనించి అతికించండి.