బురద మీది గోధుమరంగు పాచి: వేడెక్కుతున్న తీరంలో కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను చేసే పనిని మా ఇంట్లో ‘బురద గోకడం’ అంటారు. అబద్ధమేమీ కాదు. గోదావరి మొగల దగ్గర, ఆటు వేళ నీళ్ళు దిగిపోయిన బురదలో మోకాలి లోతున దిగుతాను. మూతి కోసేసిన సిరంజిని గుచ్చి, పైపొర అర సెంటీమీటరు మాత్రం తీసుకుని వస్తాను. ఆ పొరలో నాకు కావలసింది కంటికి విడివిడిగా కనపడదు. లక్షల కొద్దీ కలిసినప్పుడు మాత్రం బురద మీద బంగారు గోధుమరంగు పూతలా మెరుస్తుంది. అదే మా సూక్ష్మ పాచి. అందులో ఎక్కువ భాగం డయాటమ్‌లు, అంటే గాజులాంటి సిలికా డబ్బాలో బతికే ఏకకణ జీవులు.

వాతావరణ మార్పు అనగానే వీటి గురించి నాతో చాలామంది చాలా ధీమాగా మాట్లాడతారు. తరచుగా వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆ గోధుమరంగు జిగురు మురుగునీటి వల్ల వచ్చింది.

కాదు. ఆ రంగు ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకానిది. డయాటమ్‌లలో పత్రహరితాన్ని అది కప్పేస్తుంది. ఈ సంగతి రొయ్యల రైతులకు నేను చెప్పక్కర్లేదు. చెరువు నీళ్ళు గోధుమరంగు తిరిగితే డయాటమ్‌లు పట్టాయని వాళ్ళే సంతోషపడతారు. ఇక్కడ అవి నీళ్ళలో కాక నేల మీద ఉన్నాయి, అంతే తేడా.

అపోహ: పాచికి వేడి, కార్బన్ డయాక్సైడ్ ఇష్టం. రెండూ పెరుగుతున్నాయి కాబట్టి పాచీ పెరుగుతుంది.

నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే, ఎందుకంటే సగం నిజం. కొంత వేడి వరకు నిజమే.

దీన్ని బాగా కొలిచిన చోటు ఫ్రాన్స్ పడమటి తీరంలో, ఒలెరాన్ దీవికి ఎదురుగా ఉన్న బ్రువాజ్ బురదమేట. (పక్కనే ఉన్న మరేన్ ఆల్చిప్పలకు ఆకుపచ్చ రంగు వచ్చేది కూడా ఒక నీలి డయాటమ్ వల్లే. తినేవాళ్ళు దానికి ఎక్కువ డబ్బిచ్చి మరీ కొంటారు.) అక్కడి పాచికి కిరణజన్య సంయోగక్రియ 25 డిగ్రీల దగ్గర గరిష్ఠంగా సాగుతుందని 1990లలో తేల్చారు. అది దాటాక పడిపోతూ వచ్చి 38 దగ్గర ఆగిపోతుంది. వేసవి మధ్యాహ్నం నీళ్ళు దిగిన బురద 30 దాటడం అక్కడ మామూలే. అందుకే ఆ మేట మీద పాచి వసంతంలో దట్టంగా పట్టి, నడివేసవిలో పలచబడుతుంది. ఎండ బాగా ఉండే రోజుల్లోనే పంట తగ్గుతుందన్నమాట.

మన డయాటమ్‌లు ఇంతకంటే వేడికి అలవాటు పడినవి. కానీ అలవాటుకీ హద్దుకీ మధ్య మిగిలిన జాగా మన దగ్గరే తక్కువ. మే నెలలో ఒంటిగంటకి ఆ నల్లబురదలో చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. వాతావరణ శాఖ చెప్పే డిగ్రీలు నీడలో గాలివి. పాచి బతికేది ఎండ తిన్న నేల మీద. పైగా నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది.

అసలు లెక్క ఇంకొకటి. వేడి పెరిగితే కిరణజన్య సంయోగక్రియ కంటే శ్వాసక్రియ వేగంగా పెరుగుతుంది. పాచిని మేసే నత్తలకు ఆకలీ పెరుగుతుంది. సంపాదన కొద్దిగా పెరిగి ఖర్చు రెట్టింపయిన ఇంటి పరిస్థితి అన్నమాట. ఇక కార్బన్ డయాక్సైడ్ మాటకొస్తే, కింద కుళ్ళే పదార్థం వల్ల బురదలో అది ముందే పుష్కలంగా ఉంటుంది. గాలిలో పెరిగినది పెద్ద కానుకేం కాదు.

అపోహ: అంత చిన్న ప్రాణులు, వేడికి అక్కడే మాడిపోతాయి.

మాడిపోవు, దిగిపోతాయి. బురదలో బతికే డయాటమ్‌లు జిగురు వదులుతూ పాకగలవు. పగటి ఆటుకి పైకి వస్తాయి, పోటు తిరిగి రాకముందే లోపలికి దిగుతాయి. నీళ్ళు వచ్చి తాకాక కాదు, ముందే. 1960లలో అమెరికా కేప్ కాడ్ తీరం నుంచి తెచ్చిన డయాటమ్‌లను జాన్ పామర్, ఫ్రాంక్ రౌండ్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో ఉంచి చూశారు. ఆటూ పోటూ లేని చోట కూడా అవి రోజుల తరబడి తమ తీరం వేళలకే పైకి కిందకి తిరిగాయి. ఒకే ఒక కణం, లోపల గడియారం! దీన్ని నమ్మని విద్యార్థికి నేను లెన్స్ తుడిచే పల్చటి కాగితం ఇచ్చి బురద మీద పరవమంటాను. గంటకల్లా కాగితంలోకి ఎక్కి కూర్చుంటాయి.

కానీ దిగిపోవడం ఉచితం కాదు. బురదలో వెలుతురు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పోదు. ఎండకు జడిసి కిందకి దిగిన గంట, సంపాదన లేని గంట. ఈ పాచికి సంబంధించినంత వరకు నేను వాతావరణ మార్పును సగటు డిగ్రీల్లో కాదు, గంటల్లో లెక్కపెడతాను. పగటిపూట, నీళ్ళు లేకుండా, భరించగల వేడిలో దానికి దొరికే గంటలెన్ని? మిగతావన్నీ దాని తర్వాతే.

అపోహ: సముద్రమట్టం పెరిగితే బురదనేల ఇంకా పెరుగుతుంది, పాచికి మంచిదే.

మళ్ళీ గంటల దగ్గరికే వద్దాం. మొగల దగ్గర నీళ్ళు ఒండ్రుతో కాఫీలా ఉంటాయి. పోటు మీద ఉన్నప్పుడు అడుగుకి వెలుతురు దాదాపు అందదు. అంటే నేల బయటపడ్డ వేళే పనివేళ. మట్టం పెరిగితే ముందు తరిగేది ఆ వేళే. వెయ్యి మీటర్లకు ఒక మీటరు వాలున్న మేట మీద మట్టం 10 సెంటీమీటర్లు పెరిగితే నీటి అంచు 100 మీటర్లు లోపలికి జరుగుతుంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత ఆ వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకు చేరింది.

బురద కూడా వెనక్కి జరిగితే ఇబ్బంది లేదు. కానీ వెనక చెరువు గట్టు ఉంటుంది, లేదా రోడ్డు. ముందు నుంచి సముద్రం, వెనక నుంచి గట్టు, మధ్యలో నలిగేది మేట. ఎత్తు పెరగాలంటే ఒండ్రు రావాలి. గోదావరి 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. ఇది వాతావరణ మార్పు చేసింది కాదు, ఆనకట్టలు చేసింది. నష్టాన్నంతా వాతావరణం ఖాతాలో రాసేస్తే మన చేతి పని కనపడకుండా పోతుంది, అందుకే విడిగా చెబుతున్నాను. ఉపగ్రహ చిత్రాలతో కొలవగలిగిన ప్రాంతాల్లో 1984–2016 మధ్య ఆటుపోట్ల బురదమేటలు 16 శాతం పోయాయని 2019లో ఒక ప్రపంచవ్యాప్త అధ్యయనం లెక్క తేల్చింది.

అపోహ: మడ ఆకులు రాలితేనే ఈ తీరానికి తిండి. ఖాళీ బురద వ్యర్థం, అక్కడా మడ మొక్కలు నాటేయాలి.

మడ అడవి అంటే నాకూ ప్రేమే. కానీ ఎవరు ఏం తింటున్నారో కార్బన్ ఐసోటోపులతో, అంటే బరువులో కొద్ది తేడా ఉన్న కార్బన్ పరమాణువులతో, చూడొచ్చు. మడ ఆకు కార్బన్ గుర్తు వేరు, పాచి గుర్తు వేరు. తిన్నవాడి ఒంట్లో ఆ గుర్తు మిగులుతుంది. 2000 ప్రాంతంలో బెల్జియం పరిశోధకులు, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి కోరింగలో ఇలా చూస్తే, చాలా నత్తలూ గుల్లలూ మడ ఆకు మీద అనుకున్నంతగా ఆధారపడటం లేదని, నేల మీది పాచి, నీటితో కొట్టుకొచ్చే తిండి ముఖ్యమని తేలింది.

పక్షులు కూడా అంతే. కెనడా ఫ్రేజర్ నది డెల్టాలో ఒక రకం ఉల్లంకి పిట్ట తిండిలో దాదాపు సగం ఈ జిగురు పూతే అని 2008లో బయటపడినప్పుడు మా రంగంలో అందరం నోరెళ్ళబెట్టాం. పురుగుల్ని ఏరుకు తింటోందని అప్పటిదాకా అనుకున్నాం. అది నాలుక చివరి బ్రష్షులాంటి వెంట్రుకలతో బురదని నాకుతోంది.

అందుకే, వాతావరణ మార్పుకి మందు పేరుతో ఖాళీ మేట మీద వరసలు తీసి మొక్కలు నాటుతుంటే నాకు కడుపు మండుతుంది. ఒకచోట మేం మూడేళ్ళు కొలిచిన మేట మీదే నాటేశారు. ఏడాదికి చాలా మొక్కలు చచ్చాయి, తొక్కిన పాచి సరేసరి. మడ పోయిన చోట మడ వేయండి. మేటని మేటగా వదలండి.

అపోహ: పాచి కూడా మడలాగే కార్బన్‌ని నేలలో దాచేస్తుంది.

దాచేది తక్కువ. పెరిగిన పాచిలో ఎక్కువ భాగం రోజుల్లోనే ఎవరి కడుపులోకో పోతుంది, లేదా కుళ్ళి గాలిలో కలుస్తుంది. దాచిన కార్బన్‌ని లెక్కగట్టి అమ్మే కార్బన్ క్రెడిట్ల వాళ్ళకి ఈ మాట నచ్చదు.

అపోహ: ఒక్క తుఫాను చాలు, పాచి తుడిచిపెట్టుకు పోతుంది.

పోతుంది, వస్తుంది. పాకడానికి వదిలిన జిగురే బురద రేణువుల్ని పట్టి ఉంచుతుంది. పూత దట్టంగా ఉన్న నేలని కదిలించాలంటే అలకి ఎక్కువ బలం కావాలి. పెద్ద తుఫాను ముందు ఆ జిగురు నిలవదు, కానీ లోపలి పొరల్లో మిగిలిన కణాల నుంచి రోజుల్లో, కాకపోతే వారాల్లో మళ్ళీ పూత వస్తుంది. నాకు టెన్షన్ పెట్టేది తుఫాను కాదు, ఆటు వేళ పడే కుండపోత వాన. నీళ్ళు కప్పకుండా నేరుగా చినుకు దెబ్బ తగిలి పూత చిట్లుతుంది, జిగురు కరుగుతుంది, తర్వాతి పోటు ఆ పైపొరని ఎత్తుకుపోతుంది. వాతావరణం వేడెక్కేకొద్దీ పెరిగేవి అలాంటి వానలే.

అపోహ: ఇప్పుడన్నీ ఉపగ్రహాలే చూస్తాయి, బురదలో దిగడం ఎందుకు?

చూస్తాయి. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల జంట ఐదు రోజులకోసారి, పది మీటర్ల స్పష్టతతో, ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతుంది. అదే వేళకి ఆటు ఉండాలి, మబ్బు ఉండకూడదు, డయాటమ్‌లు పైకి వచ్చి ఉండాలి. అన్నీ కలిసే రోజులు ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉపగ్రహం చూసిన రంగు ఎంత పాచికి సమానమో తేల్చాలంటే సరిగ్గా ఆ రోజే సిరంజి పట్టుకుని నేనక్కడ ఉండాలి. మొన్న మాఘంలో అలాంటి రోజు మా మేనకోడలి పెళ్ళి రోజే పడింది. ఆ నిష్ఠూరం ఇంకా నడుస్తోంది.