కారేదాన్ని మూయొద్దు, పడేదాన్ని కట్టొద్దు: ఇంటి రిపేర్లలో అపోహలు - వాస్తవాలు

పోయిన సంక్రాంతికి ముందర ఒకరోజు పొద్దన్నే తిరుపతి బైరాగిపట్టెడలో ఒకింటికి పోయినాను. గీజరు వేస్తే లోపల గుడగుడమంటోందని ఫోను. బాత్రూంలో చూస్తే, గీజరు కింద చన్నీళ్ల పైపు దగ్గరుండే చిన్న ఇత్తడి వాల్వు మూతికి బొటనవేలంత ఎంసీల్ ముద్ద. దాని మీద సైకిల్ ట్యూబు ముక్క. ఆ పైన ఇనప తీగ, కట్టింగ్ ప్లేయరుతో బిగించి కొసలు లోపలికి మడిచి మరీ. నేను కూడా అంత శుభ్రంగా చుట్టలేను.

"ఎవురు చేసినారమ్మా ఇది?"

"మా ఆయనేన్నా. రోజూ బొట్టుబొట్టు కారతా ఉన్నింది. వీడియో చూసి ఆయనే మూసేసినాడు. ఆ పొద్దు నుంచి చుక్క పడితే ఒట్టు."

మెయిన్ ఆపేసి, గీజరు పూర్తిగా చల్లబడేదాకా ఆ బాత్రూంలోకి ఎవురినీ పోనివ్వలేదు. ఆమెకు అదంతా అతి అనిపించినట్టుంది, కాఫీ తాగుతావా అని రెండుసార్లు అడిగింది.

తిరుపతిలో ప్లంబింగు, వైరింగు రెండూ చేయబట్టి 22 ఏళ్లు. సొంతంగా పని చేసుకునేవాళ్లంటే నాకు కోపం లేదు, నిజానికి వాళ్లతో మాట్లాడటమే సులువు. నాకు భయం పుట్టించేది ఒకటే రకం రిపేరు: కారేదాన్ని మూసేయడం, పడిపోయే స్విచ్చిని పడకుండా కట్టేయడం. ఆ కారడం, ఆ పడటం చాలాసార్లు ఆ వస్తువు చేయాల్సిన పనే.

అపోహ: గీజరు వాల్వు కారుతోందంటే లీకేజీ

నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 లీటర్ల గీజరులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు పోయేసరికి సుమారు 350 మిల్లీలీటర్లు పెరుగుతాయి. ఒక పెద్ద స్టీలు గ్లాసుడు అనుకోండి. చన్నీళ్ల వైపు నీళ్లను ఒకే దిక్కుకు పోనిచ్చే నాన్‌రిటర్న్ ఉంటుంది కాబట్టి వెనక్కి పోలేవు. కొళాయి కట్టేసి ఉంటుంది కాబట్టి ముందుకూ పోలేవు. ఆ గ్లాసుడు నీళ్లకు దారి ఇచ్చేది ఆ చిన్న వాల్వే. దాన్ని మూసేస్తే రోజూ ఆ ఒత్తిడంతా ట్యాంకు గోడల మీద పడుతుంది. ఇక నీళ్లు కాగినాక కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ అతుక్కుపోయి కరెంటు ఆగకుండా పోయిన రోజు నీళ్లు వంద డిగ్రీలు దాటినా ఒత్తిడికి మరగకుండా అట్లనే ఉంటాయి. ట్యాంకు ఎక్కడన్నా చీలిందా, వాటిలో కొంత భాగం ఒక్క క్షణంలో ఆవిరైపోతుంది. గోడలు పగలగొట్టే బలం అది.

గుడగుడ శబ్దం వేరే కథ. మన బోరు నీళ్లలో సున్నం జాస్తి. కాయిల్ మీద పొరలు పొరలుగా గట్టిపడి, దాని కింద చిక్కిన నీళ్లు ఉడికి చప్పుడు చేస్తాయి. ఆ రోజు ఆ గీజరు విప్పితే మెగ్నీషియం రాడ్డు బయటికొచ్చింది. కొత్తలో చిటికెన వేలంత లావుంటుంది. అది మాత్రం గాజుపెంకులాగా పెచ్చులూడి, నడుమ సన్నటి కమ్మి ఒకటే మిగిలింది. ట్యాంకును తినాల్సిన తుప్పు ముందు తనను తినాలని పెట్టే రాడ్డది. అయిపోయిందంటే తరవాత వంతు ట్యాంకుదే. బోరు నీళ్లు వాడేవాళ్లు ఏడాదికోసారి విప్పించి చూసుకోండి. గీజరు మొత్తం ఖర్చుతో పోలిస్తే రాడ్డుది చిల్లర డబ్బు.

మీరు చేయగలిగింది: ఆ వాల్వు మూతికి సన్నటి ట్యూబు తగిలించి కింద జాలీ దాకా దించండి, ట్యూబు కొస మాత్రం తెరిచే ఉండాలి. గీజరు ఆపినా ధార ఆగలేదంటే వాల్వు పోయిందన్నా లెక్క, మిద్దె మీద ప్రెషర్ పంపు గట్టిగా తోస్తోందన్నా లెక్క. అప్పుడు మమ్మల్ని పిలవండి.

అపోహ: ఎమ్‌సీబీ ఊరికే పడుతోంది, పెద్దది వేస్తే సరిపోతుంది

కొర్లగుంటలో ఒక పాత మిద్దె. ఒకటిన్నర (చదరపు మిల్లీమీటర్ల) వైరు మీద లైట్లు, ఫ్యాన్లు, ఆ పైన ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్వు. 10 ఆంపుల ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చి) పడుతుందని 32ది తెచ్చి బిగించినారు. పడటం ఆగిపోయింది. రెండు నెలలకు స్విచ్చిబోర్డు పైన గోడ పసుపురంగుకు తిరిగింది. గోడ తవ్వితే లోపల పైపూ వైరూ కలిసి కరిగి ఒక్కటైపోయి ఉన్నాయి, జీడిపాకం మాదిరి.

ఎమ్‌సీబీ కాపలా కాసేది వైరుకు. వైరు ఎంత మోయగలదో చూసి ఎమ్‌సీబీ వేస్తారు. వైరు మార్చకుండా ఎమ్‌సీబీని పెంచితే, ఇక కాలాల్సింది వైరే. లెక్క కష్టమేం కాదు: వాట్లను 230తో భాగిస్తే ఆంపులు. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపులు, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె నాలుగు పైచిలుకు. లైట్లకు ఒకటిన్నర, పవర్ ప్లగ్గులకు రెండున్నర, ఏసీకి నాలుగు వైరు, ఒక్కోదానికి వేరే లైను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ఏ వైరింగు వాడినడిగినా ఇదే చెప్తాడు.

దీని తమ్ముడు ఇంకో అపోహ ఉంది: ఎమ్‌సీబీ ఉంటే షాకు కొట్టదని. కొడుతుంది. మనిషి గుండె ఆగడానికి ఆంపులో పదో వంతు కూడా చాలు. 6 ఆంపుల ఎమ్‌సీబీకి అది దోమ కుట్టినంత కూడా కాదు. మనిషిని కాచేది 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు అంతా తిరిగి వచ్చిందా లేదా అని చూస్తా ఉంటుంది, తక్కువ వస్తే పడిపోతుంది. కరెంటు వచ్చే ఫేజునీ, తిరిగిపోయే న్యూట్రల్‌నీ రెండు చేతులతో పట్టుకుంటే మాత్రం అదీ కాపాడలేదు, ఎందుకంటే దాని లెక్కలో తేడా రాదు. మూత మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. పడకపోతే అది పెట్టెలో ఉన్న బొమ్మ.

గీజరు వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడుతోందని దాన్ని దాటించి వైరు లాగేసుకున్న ఇళ్లు కూడా చూసినాను. సున్నం పట్టి కాయిల్ చిట్లి, కరెంటు నీళ్లలోకి దిగుతోందని అది మొత్తుకుంటా ఉంది. నోరు నొక్కేసినారు.

అపోహ: టెస్టరు వెలగలేదు కాబట్టి కరెంటు లేదు

రబ్బరు చెప్పులేసుకుని, ప్లాస్టిక్ స్టూలు ఎక్కి, పట్టపగలు ఎండలో టెస్టరు పెడితే వెలుగు కనబడకపోవచ్చు. బల్బు పాడైపోయి ఉండొచ్చు. ముందు పనిచేసే ప్లగ్గులో పెట్టి చూసి, తరవాత ఇక్కడ చూసి, మళ్లీ అక్కడ చూడాలి. ప్లగ్గులో రెండు బొక్కల్లోనూ టెస్టరు వెలుగుతోందంటే కరెంటు జాస్తిగా ఉందని కాదు, న్యూట్రల్ తెగింది. మెయిన్ దింపేయండి. త్రీఫేజు ఇళ్లలో న్యూట్రల్ పోతే టీవీ, ఫ్రిజ్జు ఒకేసారి కాలిపోయేది ఇట్లనే.

ఎర్తు గురించి రెండే మాటలు. కొళాయి పైపుకి ఎర్తు వైరు చుట్టడం ఇనప పైపుల కాలం నాటి అలవాటు, ఇప్పుడు గోడల్లో ఉండేదంతా ప్లాస్టిక్కే. కొండ కింద రాతి నేలలు మనవి, మే నెలలో ఎర్తు గుంత ఎండి గట్టిపడుతుంది, అప్పుడప్పుడు నాలుగు బిందెలు పోస్తా ఉండండి.

అపోహ: దీపం వెలిగితే సంపులోకి దిగొచ్చు

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను.

దీపం చెప్పేది ఒక్కటే, ఆక్సిజన్ బాగా తగ్గిందా లేదా అని. విషవాయువు ఉందో లేదో దానికి తెలీదు. మండే వాయువు ఉంటే దీపమే దించడం పొరపాటు. మూత తీసి బాగా గాలి ఆడనివ్వాలి, ఫ్యాను పెట్టాలి, పైన మనిషి ఉండాలి, దిగేవాడి నడుముకు తాడు ఉండాలి. కింద మనిషి సొమ్మసిల్లితే ఇంకొకరు దూకొద్దు. ఇద్దరు ముగ్గురు పోయిన సంఘటనల్లో చాలావాటిలో జరిగేది అదే.

సంపు గురించి తిరుపతి వాళ్లకు ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. 2021 నవంబరు వరదలయ్యాక ఎం.ఆర్.పల్లి దగ్గర శ్రీకృష్ణానగర్‌లో సిమెంటు వరల సంపు ఒకటి భూమిలోంచి పైకి లేచి నిలబడింది. లోపల కడుగుతున్న ఆమె ప్రాణాలతో బయటపడింది. మహిమ అన్నోళ్లున్నారు, అరిష్టం అన్నోళ్లున్నారు, చూడ్డానికి జనం ఎగబడినారు. ఖాళీ చెంబును బకెట్లో ముంచి వదిలితే ఏమవుతుంది? అదే అయింది. వరదకు చుట్టూ నేల నీళ్లతో నిండి బురదైపోయింది, లోపల నీళ్లు తోడేసినారు. చుట్టూ నీళ్లు అంచు దాకా ఉంటే, పదివేల లీటర్ల ఖాళీ సంపును పైకి తోసే బలం పది టన్నుల పైమాటే. వరల బరువు దానికి చాలదు. అందుకే తుపాను రోజుల్లో సంపు ఖాళీ చేసి కడగాలనే ముచ్చట వద్దు. బురద నీళ్లు చేరినా సరే, చుట్టూ నేలలో నీళ్లు ఇంకేదాకా నింపే ఉంచండి. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంపు కడగడం ఏప్రిల్ పని.

అపోహ: పెద్ద ట్యాంకు పెడితే కొళాయిలో ఫోర్సు వస్తుంది

రాదు. ఫోర్సు ఎత్తును బట్టి. పది మీటర్ల ఎత్తుకు ఒక బారు. పై అంతస్తు బాత్రూం షవరుకూ ట్యాంకుకూ మధ్య రెండు మీటర్లే ఉంటే, ఐదొందల లీటర్లదైనా ఐదువేల లీటర్లదైనా అదే జాలిగొలిపే ధార. దిమ్మె ఎత్తు పెంచాలి, లేదా చిన్న పంపు పెట్టాలి.

అంతకంటే ముందు కొళాయి మూతి విప్పి చూడండి. లోపల సన్నటి జల్లెడ ఉంటుంది, సున్నం ముక్కలు, ఇసుక చేరి మూసుకుపోయి ఉంటుంది. వెనిగర్‌లో ఒక రాత్రి నానేసి పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే పోతుంది. ఫోర్సు లేదని పిలిచిన ఇళ్లలో ఎన్నిసార్లో ఈ జల్లెడ కడిగి ఇచ్చి, డబ్బులు అడగాలంటే మొహమాటపడి వచ్చేసినాను.

అపోహ: యాసిడ్ పోస్తే ఏ మరకైనా పోతుంది

మరకతో పాటు బండ కూడా పోతుంది. మన పక్క ఇళ్లలో కడప బండలు ఎక్కువ. అది సున్నపురాయి. యాసిడ్ పడగానే బుసబుస పొంగుతుంది చూడండి, మురికి పోతోందని సంబరపడతారు, కరిగేది రాయి. నిమ్మకాయ చెక్క పెట్టి మరిచిపోయినా మచ్చ పడుతుంది. కొళాయిల మెరుగు, టైల్సు సందుల్లో సిమెంటు కూడా యాసిడ్‌కు ఆగవు.

యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిపితే డబుల్ పవర్ అనుకునేవాళ్లకు: కలిపితే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపు మూసిన బాత్రూంలో ఊపిరితిత్తులకు అది చాలు. ఒకటి పోస్తే బాగా కడిగేయండి. రెండోది ఇంకో రోజు.

ఇక పెరటి పనులు

చంద్రగిరి పక్క తోటల్లో, మామిడి చెట్టున్న ఇళ్లలో ఇప్పుడు వెదురు గడ బదులు అల్యూమినియం గడకు చిక్కం కట్టి కాయలు కోస్తున్నారు. తేలిక, నిజమే. పైన లైను ఉందంటే మాత్రం అది గడ కాదు, వైరు. పదకొండు వేల వోల్టుల లైనుకు ఆనాల్సిన పని కూడా లేదు, బాగా దగ్గరికి పోతే చాలు. తడిసిన వెదురునూ నమ్మొద్దు. కొమ్మ తీగల్లోకి పోయుంటే 1912కి ఫోను చేసి, కొమ్మ నరికే పని కరెంటోళ్లకే వదిలేయండి.

గడ్డి కోసే మిషన్లలో టూ స్ట్రోకు దానికి పెట్రోల్లో ఆయిల్ కలపాలి. "కొంచెం జాస్తి పోస్తే మంచిదే కదా" అంటారు. ప్లగ్గు నల్లబడి స్టార్టు కాదు. తక్కువ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. 50:1 అని రాసుంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. మూత మీదో పుస్తకంలోనో రాసి ఉంటుంది, చూసి పోయండి. ఫోర్ స్ట్రోకు దానికి పెట్రోల్లో కలపొద్దు, దాని ఆయిల్ వేరే చోట పోయాలి. రెండు మూడు నెలలు వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి. మన నేలల్లో గడ్డి కంటే గులకరాళ్లే ఎక్కువ, బ్లేడుకు తగిలితే ఎగిరి కంటికే వస్తాయి, అద్దాలు లేకుండా తాడు లాగొద్దు.

చివరిగా, ఎవురన్నా చేసుకోగలిగే పని: టెఫ్లాన్ టేపు. ఎంత చుడితే అంత మంచిదనుకుంటారు, అది కూడా అపోహే. కొళాయి మరలు మీ మొహం వైపు పెట్టి పట్టుకోండి. గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి, అటూఇటూ అయితే బిగించేటప్పుడు టేపు ఊడొస్తుంది. లాగి పట్టుకుని ఐదారు చుట్లు. కొస మర మీద టేపు రాకుండా చూడండి, లేకపోతే చినిగి లోపలికి పోయి ఆ జల్లెడలోనే ఇరుక్కుంటుంది. ప్లాస్టిక్ పైపుకు బిగిస్తున్నారంటే చేత్తో పోయినంత తిప్పి, ఆ పైన స్పానరుతో అర చుట్టు. ఇంకొంచెం అని మోచేతి బలం చూపిస్తే గోడలో ఫిట్టింగు టిక్కుమంటుంది. ఆ చప్పుడు వినబడిందంటే టైల్సు పగలగొట్టాల్సిందే.